కారణం లేనివారే అర్హులు

మా విశ్వవిద్యాలయంలో స్వేచ్ఛకు కాగితం లేదని కనిపెట్టింది బయటినుంచి వచ్చినవాళ్ళు.

ఐదేళ్ళకొకసారి గ్రేడు ఇచ్చిపోయే తనిఖీ బృందం మూడు రోజులు మా అతిథిగృహంలో బస చేసింది. ఓళిగలు తిన్నది, చెనక్కాయల చట్నీని మెచ్చుకున్నది, పోతూ పోతూ నివేదికలో ఒక వాక్యం రాసింది: "విద్యార్థులు తమ ఎలక్టివ్ పేపర్లనూ, తమ సంఘం నాయకులనూ స్వేచ్ఛగా ఎన్నుకుంటున్నారనడానికి తగిన ఆధారాలు చూపలేకపోయారు." ఆ వాక్యానికి మా గ్రేడు ఒక మెట్టు దిగింది.

తప్పనిసరి పేపర్లతో పాటు ప్రతి విద్యార్థీ తన ఇష్టం కొద్దీ ఒక పేపరు తీసుకోవాలి. అదే ఎలక్టివ్. మా దగ్గర అలాంటివి నలభై రెండు ఉన్నాయి. ఇన్నేళ్ళూ పిల్లలు ఏదో ఒకటి తీసుకుంటూనే ఉన్నారు. ఎందుకు తీసుకున్నారని ఎవరూ అడగలేదు. అడగకపోవడాన్నే స్వేచ్ఛ అనుకుని మేం కాలం గడిపాం.

నివేదిక అందిన మూడో రోజు రిజిస్ట్రార్ పరాంకుశం గారు నన్ను పిలిపించారు. ఆయన మాట్లాడితే ఎవరో పక్కన కూర్చుని రాసుకుంటున్నారేమో అనిపిస్తుంది. ఎవరూ ఉండరు.

"కోదండపాణి గారూ, మనస్తత్వ శాస్త్ర శాఖ వారి ఎలక్టివ్‌లో ప్రస్తుత విద్యార్థుల సంఖ్య ఎంత?"

"ఎవరూ లేరండీ. నాలుగేళ్ళయింది."

"అనగా తమరు తీరికగా ఉన్నారు."

కాదనలేకపోయాను. మా శాఖ అంటే నేనూ, అటెండరు ఓబులేసూ, ఎలుకల బోనూ. ఎలుకలు ఎప్పుడో పోయాయి.

"ఇకమీదట విద్యార్థి చేసే ప్రతి ఎంపికకూ, వేసే ప్రతి ఓటుకూ అది స్వేచ్ఛగా జరిగినదను ధ్రువపత్రం జతపరచవలసి యుంటుంది. మనసుకు సంబంధించిన వ్యవహారం గనుక ధ్రువీకరణాధికారి తమరు."

"అండీ, అసలు మనిషికి స్వేచ్ఛగా ఎంచుకునే శక్తి ఉందా లేదా అన్నది మా శాస్త్రంలో వందేళ్ళుగా తేలలేదు."

"అలాగా!" ఆయన నిజంగా విచారించారు. గోడమీది క్యాలెండరు వైపు చూశారు. "పదిహేను రోజులు గడువిస్తున్నాను. తేల్చి ఫైలు పెట్టండి."

నేను వద్దనలేదు. తిరిగి నడుస్తూ ఎందుకనలేదని నన్ను నేను తవ్వి చూసుకున్నాను. భయం కొంత ఉంది. దాని అడుగున ఇంకొకటి కదిలింది. నాలుగేళ్ళుగా నా గది గడప ఏ విద్యార్థీ తొక్కలేదు. ఇప్పుడు ఎలక్టివ్ ఎంచుకోవలసిన ఆరు వందల పన్నెండు మంది ఒక్కొక్కరే వచ్చి నా ఎదుట కూర్చుని, నేనడిగితే మనసు విప్పుతారు. ఒంటరివాడి ఆశ ముసలి పిల్లి లాంటిది. చచ్చిందనుకుంటాం. పాల గిన్నె చప్పుడైతే కన్ను తెరుస్తుంది.

స్వేచ్ఛా నిర్ధారణ సంఘం ఏడుగురు సభ్యులతో ఏర్పడింది. అధ్యక్షులు రిజిస్ట్రార్ గారే. నిర్వచనం రాసే పని నాకిచ్చారు. "బాహ్య ప్రేరణకు లోనుకాకుండా చేసినదే స్వేచ్ఛా ఎంపిక" అని రాసి తీసుకెళ్ళాను. అర్థం, ఎవరూ బెదిరించకూడదు, ఆశపెట్టకూడదు. అంతవరకు సంస్థకు ప్రమాదమేమీ లేదు.

పరాంకుశం గారు కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివారు. "వాక్యం ఒంటికాలిమీద నిలబడి ఉన్నది. 'బాహ్య' అన్న తరువాత ఇంకొకటి ఉండాలి. 'బాహ్య, ఆంతరంగిక' అనండి."

"ఆంతరంగిక ప్రేరణ అంటే మనిషి కోరికేనండీ. అది కూడా ఉండకూడదంటే..."

"వినడానికి నిండుగా ఉన్నది" అన్నారు న్యాయశాస్త్రం ప్రొఫెసరు గారు. మిగతావాళ్ళు తలలూపారు. మా వ్యవస్థలో ఏ మాటకైనా ఒక జత ఉండాలి. 'నియమ నిబంధనలు' అంటారు, 'విధి విధానాలు' అంటారు. ఆ అలవాటు కొద్దీ చేరిన ఒక్క విశేషణంతో మా ప్రాంగణంలో కోరిక నిషిద్ధమైంది.

మరుసటి సోమవారం నుంచి పరీక్షలు మొదలయ్యాయి. రోజుకు అరవై మందికి పైగా. ప్రశ్న ఒకటే: ఈ పేపరు ఎందుకు ఎంచుకున్నావు?

"ఆ సారు మార్కులు బాగా యేస్తాడంట సార్."

ప్రలోభం. తిరస్కారం.

"ఆ క్లాసు క్యాంటీన్ పక్కనే సార్. ఇంటర్‌వెల్‌లో దోసె తిని రావొచ్చు."

ఆహార ప్రేరణ. తిరస్కారం.

"మా సావాసగాళ్ళంతా అదే రాసినారు సార్. నేనొక్కన్నే యాడికి పోదును?"

మంద ప్రేరణ.

"ఆ పేపర్లో ఒగమ్మాయి ఉండాది సార్." ఆగి, "ఉండాదని విన్న్యా" అన్నాడు.

ఇది ఏ కోవకు వస్తుందో నాకు తెలుసు. ఫారంలో గడి లేదు. 'ఇతరములు'లో వేశాను.

ఒక పిల్ల నిజంగా వృక్షశాస్త్రమంటే ప్రాణమని చెప్పింది. చిన్నప్పుడు చింతగింజ మొలకెత్తడం చూసిన దగ్గరనుంచి అంటూ వెలిగిపోయే ముఖంతో పది నిమిషాలు మాట్లాడింది. తీవ్రమైన ఆంతరంగిక ప్రేరణ. ఎర్ర సిరాతో కొట్టేశాను.

పది రోజుల్లో ఉత్తీర్ణుడు ఒక్కడే. పేరు సుంకన్న. ఆలూరు వైపు పిల్లవాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ పేపరు ఎందుకు ఎంచుకున్నావు?"

"యా పేపరు సార్?"

"నువ్వు రాసిన పేపరే. పురావస్తు శాస్త్రం."

"అదా నేను రాసింది?" అన్నాడు ఆశ్చర్యంగా.

మూడు విధాలుగా మార్చి మార్చి అడిగాను. అతనిలో ఎక్కడా కారణం దొరకలేదు. పెన్ను ఆ వరుస దగ్గర ఆగింది, టిక్కు పెట్టాడు. ఇంత నిర్మలమైన మనసు నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. పరాంకుశం గారు సెనేట్ హాలులో సభ పెట్టించి, సుంకన్నకు శాలువా కప్పి, 'ఆదర్శ స్వేచ్ఛా విద్యార్థి' అని ప్రకటించారు. సన్మానం ఎందుకో అతనికి అప్పుడు కూడా తెలియలేదని మెచ్చుకోలుగా చెప్పుకున్నారు.

చౌడేశ్వరి వచ్చింది ఆ పదో రోజునే, చివరి మనిషిగా. ఫారం మీద 'వాక్కు లోపాలు, వాటి చికిత్స' అని ఉంది. నా పేపరు! నాలుగేళ్ళ తర్వాత నా పేపరు పేరు ఒకరి చేతిరాతలో చూశాను. ముఖం మామూలుగా ఉంచుకోవడానికి కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

"ఎందుకు ఎంచుకున్నావమ్మా?"

"మా నాయనకు మాట పడిపోయింది సార్."

తండ్రి రంగప్ప చీరలు నేస్తాడు. మగ్గం మీద కూర్చుంటే వీధి వీధంతా వినబడేలా మాట్లాడే మనిషి. నాలుగు నెలల కింద పక్షవాతం వచ్చింది. కాలు, చెయ్యి తిరిగి వచ్చాయి. మాట రాలేదు. ఒకే ఒక్క మాట మిగిలింది.

"ఏమడిగినా 'రేపు' అంటాడు సార్. నీళ్ళు కావల్లన్నా రేపే, ఆకలైనా రేపే. మా యమ్మ ఏడిస్తే కూడా ఆమె చెయ్యి పట్టుకోని 'రేపు, రేపు' అంటాడు. ఆయనకు లోపల అంతా తెలుస్తాంది సార్. బయటికి రాదు."

నోట్లో ఆ ఒక్క మాట మాత్రమే ఉన్నవాళ్ళు మా కార్యాలయంలో ఉన్నత పదవుల్లో ఉన్నారు. ఆ సంగతి ఆమెతో అనలేదు.

"పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. సంవత్సరం లోపలే ఏదైనా రావల్లంట. ఆడ వాక్ చికిత్స ఉండాది గానీ క్యూ శానా పొడుగుంది. మీ పేపరు తీసుకున్నోళ్ళకైతే ఆడనే ట్రైనింగు, వాళ్ళ యెంబడి ఒక పేషంటును తెచ్చుకోవచ్చంట గదా సార్?"

నిజమే. నేనే పదేళ్ళ క్రితం కుదిర్చిన ఒప్పందం అది. పేపరుకు పేరు నమోదైతేనే చెల్లుతుంది. ఆమెను విడిగా కూర్చోబెట్టి నేను పాఠం చెప్పగలను. కానీ నా దగ్గర ఉన్నది పుస్తకం. చేయి తిరిగినవాళ్ళు ఆ ఆసుపత్రిలో ఉన్నారు.

"చూడమ్మా, కారణం అన్నచోట ఖాళీ వదిలెయ్యి. ఎందుకంటే తెలియదని చెప్పు. నేను సంతకం పెడతాను."

"ఎందుకు సార్?"

"కారణం ఉంటే అది స్వేచ్ఛ కాదు."

ఆమె కాసేపు కాగితం చూసింది. "కారణం లేదని రాస్తే మా నాయన లేడని రాసినట్లే గదా సార్. అట్ల రాయను."

నేను పట్టుబట్టలేదు. నిజానికి ఆమె కోసం నియమం వంచుతున్నానా, ఖాళీ తరగతిలో ఒక మనిషిని కూర్చోబెట్టుకోవడం కోసమా అని నా మీద నాకే అనుమానం వచ్చింది. అలాంటి అనుమానం వచ్చినప్పుడు న్యాయంగా ఉండాలనుకుని అన్యాయం చేస్తాం. కొట్టేశాను.

ఆరు వందల పన్నెండు మందిలో ఆరు వందల పదకొండు మంది తప్పి మళ్ళీ పరీక్షకు రావలసి రావడంతో గేటు ముందున్న జెరాక్స్ షాపులో గైడు వెలిసింది. 'కారణం లేకుండా మాట్లాడటం ఎలా? ముప్పై నమూనా జవాబులు.' వారం తిరిగేసరికి ప్రాంగణమంతా "ఏమో సార్, తెల్దు సార్, అట్ల చెయ్యి పోయింది సార్" అని వల్లె వేసింది. నేర్చుకున్న నిర్లిప్తత చెల్లదని పరాంకుశం గారు ఉత్తర్వు ఇచ్చారు. "తెలియకపోవడాన్ని తెలిసి పాటించడం కూడా ఒక కారణమే" అన్నారు. ఈ వాక్యం నాకు నచ్చింది. నా పుస్తకాల్లో ఇంత మంచివి తక్కువ.

ఈలోగా విద్యార్థి సంఘం ఎన్నికలు వచ్చాయి. అవీ అదే నియమం కింద జరిగాయి. పోటీ చేస్తామని దరఖాస్తు పెట్టిన పదకొండు మందీ గెలవాలనే కోరిక ఉన్నట్టు వారి సంతకంతోనే రుజువు కావడంతో అనర్హులయ్యారు. దరఖాస్తు పెట్టనివారి జాబితా నుంచి ఐదు పేర్లు తీసి కవర్లలో పెట్టి సీలు వేశారు. ఓటర్లు ప్రేరణకు లోనుకాకుండా బ్యాలెట్ మీద పేర్లు, గుర్తులు లేకుండా ఐదు ఖాళీ గడులు అచ్చువేశారు. పిల్లలు బారులు తీరి ఓట్లేశారు. మూడో గడి భారీ ఆధిక్యంతో గెలిచింది. కవరు విప్పితే రెండేళ్ళ క్రితమే టీసీ తీసుకుని వెళ్ళిపోయిన ఒకబ్బాయి పేరు వచ్చింది. ఇప్పుడు బళ్ళారిలో టైల్స్ పని చేస్తున్నాడట. అభినందనలు చెప్పడానికి ఫోను చేస్తే "రాంగ్ నంబరు" అని పెట్టేశాడు.

"పదవీ వ్యామోహం లేని నాయకత్వం" అన్నారు పరాంకుశం గారు. కుర్చీకి దండ వేసి ప్రమాణ స్వీకారం కానిచ్చారు.

ఎన్నికల విజయంతో ఎలక్టివ్‌లకు కూడా కవర్ల పద్ధతే ఖాయమైంది. ఏ పేపరో బయటికి తెలియని ఆరు వందల పన్నెండు కవర్లు బల్లమీద పరిచి తలా ఒకటి తీసుకోమన్నారు. ఉత్తర్వులో మాత్రం 'ఎంచుకోవలెను' అనే ఉంది.

చౌడేశ్వరి మూడుసార్లు దండం పెట్టుకుని కవరు తీసింది. లోపల 'పట్టుపురుగుల పెంపకం' ఉంది. పట్టు నేసే ఇంటి పిల్ల వరండా మెట్లమీద కూర్చుని ఆ కాగితం పట్టుకుని ఏడుస్తుంటే, పక్కనుంచి పోతున్న సుంకన్న ఆగాడట.

"ఏందక్కా ఏడుస్తాండావు?"

ఆమె చెప్పింది. అతను తన జేబులోంచి కవరు తీసి చూశాడు. 'వాక్కు లోపాలు' అందులో ఉంది.

"ఇదేనా? తీస్కో. నాకు ఏదైనా ఒగటే."

ఇద్దరూ కాగితాలు మార్చుకున్నారు. మెట్ల మీద జరిగినది కాబట్టి అరగంటలో రిజిస్ట్రార్ గారికి తెలిసింది. సుంకన్నను నిలబెట్టి అడిగారు.

"సదరు పత్రమును ఆమెకు ఏ కారణముచేత ఇచ్చితివి?"

"ఆ యక్క ఏడుస్తాంటే ఇచ్చినా సార్."

ఆదర్శ స్వేచ్ఛా విద్యార్థి నోట కారణం వెలువడింది. అతని ధ్రువపత్రం రద్దయింది, శాలువా వెనక్కి తీసుకున్నారు. అతన్ని చూసి మిగతావాళ్ళు కూడా మార్చుకుని ఉంటారన్న అనుమానంతో ఆరు వందల పన్నెండు కవర్లూ రద్దు చేశారు. సెమిస్టరు మొదలై అప్పటికే రెండు నెలలు. ఎవరికీ పేపరు లేదు. డాక్టరమ్మ రంగప్పకు చెప్పిన సంవత్సరం గడువులో ఆరు నెలలు అయిపోయాయి.

చౌడేశ్వరి సంఘానికి అప్పీలు పెట్టుకుంది. కాగితం నాకిచ్చేటప్పుడు నా ముఖంలోకి చూడలేదు. నేనూ ఆమె ముఖంలోకి చూడలేదు. ఓబులేసు మాత్రం ఇద్దర్నీ చూశాడు.

"ఆ పాప ఇంటికి పోయొచ్చినా సార్" అన్నాడు తర్వాత. "పెద్దాయప్ప నన్ను చూసి మంచం మింద జరిగి చోటిచ్చినాడు. కాపీ తాగుతావా అని అడగల్లని ఎంత అవస్థ పడినాడో! మీరు ఒగమారు చూడండి. చూస్తే ఎర్ర సిరా పెన్ను యాడన్న పారేస్తారు."

మరో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. నాతో ఇలా మాట్లాడటం ఇదే మొదటిసారి.

అప్పీలు విచారణ గురువారం పదకొండు గంటలకు. ఏడుగురం బల్లచుట్టూ కూర్చున్నాం. చౌడేశ్వరి నిలబడింది. కూర్చోమని అనడానికి ఎవరి దగ్గరా నిబంధన లేదు.

పరాంకుశం గారు జాలిగానే మొదలుపెట్టారు. "అమ్మా, మీ తండ్రిగారి అనారోగ్యం మిక్కిలి విచారకరం. అయితే సంఘం దృష్టిలో, సదరు పక్షవాతం మిమ్ములను ప్రభావితం చేసినది."

"అవును సార్. చేసింది."

"ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకోకుంటే ఎట్ల సార్? మీకు ఆకలైతే అన్నం తింటారు గదా. ఆకలి మిమ్మల్ని ప్రభావితం చేసినట్లేనా?"

సభ్యులు ఒకరినొకరు చూసుకున్నారు. పన్నెండు కావస్తోంది, ఆ ఉదాహరణ అందరికీ దగ్గరిదే.

"భోజనం ఎంపిక కాదమ్మా" అన్నారు రిజిస్ట్రార్ గారు. "అది తప్పనిసరి."

"నాకూ ఇది తప్పనిసరే సార్!"

ఆమె గొంతు పగిలింది. ఆ పగులు ఎవరికైనా వినబడిందో లేదో నాకు తెలియదు. పరాంకుశం గారికి మాత్రం ఒక మాట వినబడింది. ఆయన కళ్ళు మెరిశాయి. నిబంధనల పుస్తకం తెరిచారు.

"తప్పనిసరి పేపర్లకు ధ్రువపత్రం అవసరం లేదు. ఎంపిక లేనిచోట స్వేచ్ఛ గురించిన ప్రశ్న ఉత్పన్నం కాదు. కాబట్టి ఈ పేపరును తప్పనిసరి చేసినచో ఈమె సమస్య పరిష్కారం."

"ఒక్కరికి తప్పనిసరి చేయడానికి వీల్లేదండీ. చేస్తే అందరికీ చేయాలి" అన్నారు న్యాయశాస్త్రం వారు.

"ఆరు వందల పన్నెండు మందికీ?" అన్నాను.

"అందరికీ చేసినచో ఇక ఎలక్టివే ఉండదు. అస్వేచ్ఛగా ఎంచుకున్నవాడు ఒక్కడు కూడా ఉండడు. తనిఖీ బృందం వేలెత్తి చూపడానికి వేలు ఉండదు." పరాంకుశం గారు వెనక్కి వాలారు. రెండు నెలల తర్వాత ఆయన ముఖంలో నెత్తురు కనిపించింది. "ఓటింగుకు పెడుతున్నాను. చేతులెత్తండి."

"అభ్యంతరం" అన్నారు న్యాయశాస్త్రం వారు. "మనమందరం విషయం విన్నాం. ఆకలి ఉదాహరణతో సహా విన్నాం. మన ఓటు ప్రేరితం."

నిజమే. మా నియమం మాకూ వర్తిస్తుంది. విషయం తెలియనివాళ్ళే ఓటు వేయాలి. వెంటనే ఓబులేసును పిలిచి, లోపల జరిగేది ఏమాత్రం తెలియని ఏడుగురిని తీసుకురమ్మన్నారు.

పావుగంటలో తెచ్చాడు. బోరు మోటారు బాగుచేయడానికి వచ్చిన ఇద్దరు, తోటమాలి, మజ్జిగ అమ్మే ఓబులమ్మ, గ్యాస్ సిలిండర్లు దించే అతను, బస్సు తప్పిపోయి నీడకు నిలబడిన ఒక పెద్దాయన, క్యాంపస్‌లో కోతులు పట్టడానికి పిలిపించిన మనిషి. కోతులవాడి భుజం మీద ఖాళీ వల ఉంది. వరుసగా నిలబడ్డారు.

"చేతులెత్తండి" అన్నారు రిజిస్ట్రార్ గారు.

"యాటికి సామీ?" అంది ఓబులమ్మ.

"అది తెలిస్తే ఎత్తకూడదమ్మా."

"నేను యేమీ చెయ్యలేదు సామీ" అన్నాడు కోతులవాడు, రెండు చేతులూ ఎత్తి.

"ఒకటి చాలు."

ఓబులేసు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఏడు చేతులూ టక్కున లేచాయి. వరండాలో అతను వాళ్ళకేమైనా చెప్పాడేమో నేను అడగలేదు. నియమం తెలియనివాళ్ళకే న్యాయం తెలుస్తుందన్నట్టు అతను నావైపు ఒక్కసారి చూశాడు. తీర్మానం ఏకగ్రీవం. మినిట్స్‌లో 'పరిపూర్ణ స్వేచ్ఛతో' అని రాశాను.

ఆ విధంగా నాలుగేళ్ళు ఒక్క విద్యార్థి కూడా లేని నా తరగతిలో ఆరు వందల పన్నెండు మంది చేరారు. మిగతా నలభై ఒక్క పేపర్ల అధ్యాపకులు నన్ను క్యాంటీన్‌లో పలకరించడం మానేశారు. ఓపెన్ ఎయిర్ థియేటర్‌లో మైకు పెట్టి పాఠం చెప్పాను. చౌడేశ్వరి మొదటి వరుసలో కూర్చునేది. మెదడులో మాట ఎక్కడ పుడుతుందో, దారిలో ఎక్కడ చిక్కుకుంటుందో చెబుతుంటే ఎవరూ రాసుకోనంత వేగంగా రాసుకునేది.

మూడో వారం ఆసుపత్రినుంచి ఉత్తరం వచ్చింది. విభాగంలో ఉన్నది ఇద్దరు చికిత్సకులు, నాలుగు కుర్చీలు. ఆరు వందల పన్నెండు మందిని పంపితే విభాగమే మూతపడుతుంది గనుక ఒప్పందం రద్దు చేసుకుంటున్నారు. చౌడేశ్వరి ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి నాకే ఇచ్చింది.

"గెలిచినాం గదా సార్" అంది. అంతకన్నా పెద్ద తిట్టు నేను తినలేదు.

కానీ సిలబస్‌లో ప్రాక్టికల్స్ ఉన్నాయి. మాట పోయిన మనిషికి వస్తువులు చూపించి పేరు చెప్పించే సాధన, తలా పది నిమిషాలు. ఆసుపత్రి లేదు గనుక 'అందుబాటులో ఉన్న రోగి వద్ద' చేయించాలని పరాంకుశం గారు ఉత్తర్వు ఇచ్చారు. విశ్వవిద్యాలయం రికార్డుల్లో మాట పోయిన రోగి ఒక్కడే. రంగప్ప.

నేను వెళ్ళి చేతులు కట్టుకుని ఆమెకు చెప్పాను. వద్దంటే ఉద్యోగం పోయినా సరే ఆపేస్తానన్నాను.

"రానీయండి సార్. ఆయనకు మనుషులంటే ఇష్టం. ఎవురూ రాక దిగులుగా ఉండాడు."

రోజుకు నలభై మంది. నేతగాళ్ళ వీధిలో రంగప్ప ఇంటి అరుగు మీద నులకమంచం, ముందు స్టూలు, స్టూలు మీద గ్లాసు. పిల్లలు వరుసగా వచ్చి గ్లాసు ఎత్తి "ఇదేంది పెద్దాయనా?" అని అడిగేవారు. రంగప్ప ఓపికగా "రేపు" అనేవాడు. మొదటి రోజుల్లో నవ్వుతూ అనేవాడు. తన ఇంటికి వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో పోకూడదన్నట్టు ప్రతి ఒక్కరికీ ఆ ఒక్క మాటా ఇచ్చి పంపేవాడు. రెండో వారానికి నవ్వు పోయింది. మూడో వారానికి గ్లాసు చూస్తే మెడనరాలు బిగిసేవి. నేను ఆపేద్దామన్నాను. చౌడేశ్వరి వద్దంది. ఆమె ఆ మెడవైపే చూస్తోంది.

ఆదివారాలు పోను పద్నాలుగో రోజు పరాంకుశం గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. కారు వీధిలోకి పట్టక సందు మొదట్లో దిగి నడిచారు. నలభై మంది పిల్లలు లేచి నిలబడ్డారు. ఆయన ప్రాక్టికల్ రికార్డులు తిరగేసి, పద్ధతి ప్రకారం జరుగుతున్నట్టు లేదని పెదవి విరిచి, స్టూలు మీద గ్లాసు తానే తీసుకుని మంచం ముందు నిలబడ్డారు.

"సదరు వస్తువు యొక్క నామధేయమును తెలియజేయగలరా?"

రంగప్ప ఆయన్ని కింది నుంచి పై దాకా చూశాడు. పెదాలు కదిలాయి. మెడ ఎర్రబడింది. మంచం పట్టెను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గ్లాసురా!" అన్నాడు. "గ్లాసురా నీ యబ్బా! గ్లాసు! గ్లాసు!"

వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. ఎదురింట్లోంచి ఎవరో బయటికి వచ్చారు. లోపల రాగి సంగటి కెలుకుతున్న చౌడేశ్వరి తల్లి తెడ్డుతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. కోపంలో తిట్టు ముందు వస్తుందనీ, దాని తోక పట్టుకుని ఒక్కోసారి మాట కూడా బయటికి వస్తుందనీ మైకులో నేను చెప్పిన పాఠమే. కళ్ళారా చూడటం నాకూ ఇదే మొదటిసారి.

పరాంకుశం గారు గ్లాసు పట్టుకుని అలాగే ఉన్నారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన్ని ఎవరూ ఆ మాట అని ఉండరు. సంఘం, ఉత్తర్వు, చర్య, ఇవన్నీ వరుసగా ఆయన ముఖం మీదుగా దాటిపోవడం నేను చూశాను.

చౌడేశ్వరి ఏడుస్తూ, నవ్వుతూ ఆయన దగ్గరికి వచ్చింది. చేతిలో చెంబు ఉంది.

"సార్, సార్, మీ కాళ్ళకు మొక్కుతా. ఇంగొకటి అడగండి సార్. పిల్లోళ్ళు అడిగితే రాలేదు. మీరడిగితేనే వచ్చింది."

ఆయన నా వైపు చూశారు. మంచం మీద రంగప్ప రొప్పుతున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. తన నోటినుంచి వచ్చినదాన్ని తానే ఇంకా నమ్మలేకుండా ఉన్నాడు.

పరాంకుశం గారు గ్లాసు కింద పెట్టారు. పంచె అంచు దుమ్ముకు తగలకుండా సర్దుకుని స్టూలు మీద కూర్చున్నారు. చెంబు అందుకున్నారు. దాన్ని రంగప్ప ముక్కు దగ్గరదాకా తీసుకెళ్ళి, మా ఊళ్ళో పుట్టి పెరిగిన మామూలు మనిషిలా అడిగారు.

"ఇదేందప్పా?"

రంగప్ప ఊపిరి పీల్చుకున్నాడు.